ఐసెట్ మ్యాథ్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసెట్ అంటే ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విడివిడిగా పెట్టే ప్రవేశ పరీక్ష. దాని నోటిఫికేషన్ పడిన రోజు నుంచి నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే మాట: "అక్కా, నాది బీకాం, లెక్కలు రావు, ఐసెట్ రాయొచ్చా?" నాదీ బీకామే. ఐసెట్ రాసి ఎంబీఏ చేశాను, ఇప్పుడు ఆదివారాలు హన్మకొండలో డిగ్రీ పిల్లలకు ఈ లెక్కలే చెప్తున్నాను. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎక్కడ తెరిచి చదివినా ఆ జవాబు అక్కడికి పూర్తవుతుంది, పైనుంచి కిందికి చదవాల్సిన పని లేదు.

## మొదలుపెట్టే ముందు

పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకోలేదు. నా వల్ల అవుతుందా?

అవుతుంది. ధైర్యం చెప్పడానికి అనడం లేదు, సిలబస్ చూసి చెప్తున్నాను. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తి, కసాగు-గసాభా, కాలం-పని, వైశాల్యాలు, సమితులు, బహుపదులు, శ్రేఢులు, త్రికోణమితి, సగటు, మధ్యగతం, ఇవన్నీ మీరు ఒకప్పుడు చేసి పాసైనవే. ఇంటర్ వాసన తగిలేవి ద్విపద సిద్ధాంతం, అవధి, అవకలనం, సహసంబంధం లాంటి కొన్నే, అవి కూడా పైపైనే అడుగుతారు. ఎంపీసీ వాళ్లకు మీకంటే ఎక్కువ తెలిసి ఉండటం వల్ల ఈ పేపర్‌లో పెద్దగా ఒరిగేదేమీ లేదు, వాళ్ల చేయి ఆగకుండా నడుస్తుంది, అంతే. ఆ చేతి వేగం మీకు రావాలంటే రోజూ పెన్ను పట్టుకుని లెక్క చేయాలి. వీడియో చూస్తూ తలూపితే అర్థమైనట్టే ఉంటుంది, మర్నాడు అదే లెక్క ఇస్తే రెండో లైన్ దగ్గర ఆగిపోతారు. నా దగ్గరికి వచ్చిన వాళ్లలో వెనకబడినది లెక్కలు రానివాళ్లు కాదు, లెక్కలు చూసి ఊరుకున్నవాళ్లు.

పేపర్‌లో మ్యాథ్స్ ఎన్ని మార్కులకు ఉంటుంది?

రెండు రాష్ట్రాల్లోనూ మొత్తం 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. తెలంగాణ ఐసెట్‌లో మ్యాథ్స్ సెక్షన్ 75 మార్కులు: అంకగణితం 35, బీజగణితం-రేఖాగణితం 30, స్టాటిస్టిక్స్ 10. ఆంధ్రప్రదేశ్ ఐసెట్‌లో మ్యాథ్స్ 55 మార్కులే: అంకగణితం 35, బీజగణితం-రేఖాగణితం 10, స్టాటిస్టిక్స్ 10. అక్కడ కమ్యూనికేషన్‌కు 70 ఉంటాయి. అంటే ఏపీ ఒక్కటే రాసేవాళ్లు అంకగణితం మీద గట్టిగా కూర్చుంటే సగానికి పైగా చేతికొచ్చినట్టే, తెలంగాణ రాసేవాళ్లకు మాత్రం బీజగణితం వదిలేస్తే కుదరదు. ఇవి కాక అనలిటికల్ సెక్షన్‌లో 20 డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు (ఇచ్చిన సమాచారం జవాబుకు చాలుతుందా అని అడిగేవి) ఉంటాయి, పేరు ఏదైనా వాటిలోనూ లెక్కలే. నోటిఫికేషన్ రాగానే ఆ ఏడాది బుక్‌లెట్‌లో ఈ అంకెలు ఒకసారి సరిచూసుకోండి.

నాది తెలుగు మీడియం. ప్రశ్న అర్థం కాకపోతే?

ప్రశ్న ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ వస్తుంది, కాబట్టి భాష కారణంగా ఆగిపోనక్కర్లేదు. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చదివి, స్కూల్ తెలుగులో చదివినవాళ్లకు పదాలు రెండు పడవల మీద ఉంటాయి. పోయిన ఏడాది ఒకమ్మాయి బాహుళకం అడిగిన లెక్క దగ్గర ఆగిపోయింది. "మోడ్" అనగానే పది సెకన్లలో చేసేసింది. అందుకే నోట్‌బుక్ వెనక పేజీలో రెండు వరుసలు గీసుకోండి: సర్డ్స్ అంటే కరణులు, మీడియన్ అంటే మధ్యగతం, స్టాండర్డ్ డీవియేషన్ అంటే క్రమవిచలనం, ఫంక్షన్ అంటే ప్రమేయం, ప్రాబబిలిటీ అంటే సంభావ్యత. నలభై పదాలు దాటవు.

ఎన్ని నెలలు పడుతుంది?

రోజుకు రెండు గంటలు నిజంగా కూర్చుంటే మూడు నెలలు సరిపోతాయి. పరీక్ష మామూలుగా మే, జూన్‌లలో ఉంటుంది, అదే సమయానికి డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు కూడా వచ్చి మీద పడతాయి. కాబట్టి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి.

ఎంసీఏకి వెళ్లాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలా?

ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ చదివి ఉండాలన్నది చాలాకాలం నడిచిన నిబంధన, ఇప్పుడు మారి ఉండొచ్చు. అర్హత మార్పులేమైనా ఉంటే ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఉంటాయి, ఫీజు కట్టకముందే ఆ పేజీ చదవండి. ఎంబీఏకి ఈ షరతు లేదు.

## చదువుతున్నప్పుడు

ఏ చాప్టర్‌తో మొదలుపెట్టాలి?

శాతాలు, నిష్పత్తి. లాభనష్టాలు, భాగస్వామ్యం వీటి మీదే నిలబడతాయి. శాతం అంటే "దేని మీద శాతం" అని మనల్ని మనం అడగడం అలవాటైతే సగం తప్పులు పోతాయి. ఒక లెక్క చూడండి: ఒకాయన రెండు కుర్చీలను ఒక్కోటి 960 రూపాయలకు అమ్మాడు, ఒకదానిపై 20 శాతం లాభం, ఇంకోదానిపై 20 శాతం నష్టం. అందరూ ముందు అనేది "లాభమూ లేదు, నష్టమూ లేదు" అనే. కానీ మొదటిది కొన్నది 800కి, రెండోది 1200కి. పెట్టింది 2000, వచ్చింది 1920. 80 రూపాయలు, అంటే 4 శాతం నష్టం. 20 శాతం రెండుచోట్లా ఒకటే, అది లెక్కగట్టే అసలు ధర మాత్రం వేరు. ఈ ఒక్క విషయం కళ్లకు కట్టాక ఫార్ములా బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

స్టేట్‌మెంట్స్, ట్రూత్ టేబుల్స్ మా టెక్స్ట్‌బుక్‌లో ఎప్పుడూ లేవు. ఎక్కడ చదవాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల తప్పేమీ లేదు. ఐసెట్ సిలబస్ చాలావరకు ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న పాత పదో తరగతి గణితాన్ని పోలి ఉంటుంది. ఆ పుస్తకాల్లో స్టేట్‌మెంట్లు-సమితులు, ప్రమేయాలు, మాత్రికలు, అవధులు ఉండేవి. 2014-15లో పదో తరగతికి కొత్త పుస్తకాలు వచ్చాక సమితులు మిగిలాయి, ట్రూత్ టేబుల్స్ (వాక్యం ఎప్పుడు సత్యం, ఎప్పుడు అసత్యం అని చూపే పట్టికలు), మాత్రికలు పోయాయి. పరీక్షలో మాత్రం ఇంకా అడుగుతున్నారు. అందుకే ఆ తర్వాత టెన్త్ చదివినవాళ్లకు ఇవి ఎక్కణ్నుంచో ఊడిపడ్డట్టు అనిపిస్తాయి.

ఇంట్లో అన్నయ్యో, పిన్ని కొడుకో 2014కి ముందు టెన్త్ పాసై ఉంటే అటక మీద వెతకండి. లేకపోతే హైదరాబాద్ కోఠిలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాల షాపుల్లో అడగండి. ఆ ఒక్క పుస్తకం ఈ సెక్షన్‌కు గైడ్ల కంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం, ఎందుకంటే అందులో ప్రతి మెట్టూ రాసి చూపిస్తారు.

ఇక విషయానికొస్తే, "వాన పడితే నేల తడుస్తుంది" అనే వాక్యం తీసుకోండి. ఇది అబద్ధం అయ్యేది ఒక్క సందర్భంలోనే: వాన పడింది, నేల తడవలేదు. వాన పడకుండా నేల తడిసిందనుకోండి, ఎవరో నీళ్లు చల్లి ఉంటారు, మన వాక్యం అబద్ధం కాలేదు. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ట్రూత్ టేబుల్‌లో నాలుగు వరుసల్లో ఒక్కటే అసత్యం, అదీ మొదటిది సత్యం, రెండోది అసత్యం అయినప్పుడే. దీన్నే తిప్పి "నేల తడిస్తే వాన పడినట్టు" అంటే కన్వర్స్. "వాన పడకపోతే నేల తడవదు" అంటే ఇన్వర్స్. ఈ రెండూ అసలు వాక్యంతో సమానం కావు. "నేల తడవలేదంటే వాన పడలేదు" అన్నది మాత్రం సమానం, అది కాంట్రాపాజిటివ్. ఈ వాన, నేల గుర్తుంటే పరీక్షలో అక్షరాలు చూసి భయపడరు. అన్ని వరుసల్లోనూ సత్యమే వస్తే టాటాలజీ. రెండు సాయంత్రాలు కూర్చుంటే చాప్టర్ అయిపోతుంది.

మాడ్యులర్ అరిథ్‌మెటిక్ అంటే ఏంటి? పేరు చూస్తేనే టెన్షన్.

శేషాల లెక్క. గోడ మీద క్యాలెండర్ చేసే పని అదే. ఈరోజు మంగళవారం, 100 రోజుల తర్వాత ఏ వారం? 100లో 98 పూర్తి వారాలు, మిగిలింది 2, కాబట్టి గురువారం. మీరు చేసింది మాడ్యులో 7. పరీక్షలో ఇలా అడుగుతారు: 7ను 50 సార్లు గుణించి 5తో భాగిస్తే శేషం ఎంత? 7ను 5తో భాగిస్తే శేషం 2, కాబట్టి 7 బదులు 2 పెట్టుకోండి. 2ను నాలుగుసార్లు గుణిస్తే 16, శేషం 1. 50లో నాలుగు చొప్పున 48 పోతే రెండు మిగిలాయి, 2×2 = 4. జవాబు 4. పెద్ద సంఖ్య కనిపిస్తే శేషం 1 ఎక్కడ వస్తుందా అని వెతకడమే ఇందులో కిటుకు.

కాలం-పని, పైపుల లెక్కల్లో భిన్నాలతో తికమక పడుతున్నాను.

భిన్నాలు మానేయండి, కసాగు తీసుకోండి. ఒక పైపు ట్యాంకును 12 గంటల్లో, ఇంకోటి 18 గంటల్లో నింపుతాయి, అడుగున ఉన్న మూడోది నిండిన ట్యాంకును 36 గంటల్లో ఖాళీ చేస్తుంది. కసాగు 36, కాబట్టి ట్యాంకులో 36 బిందెలు పడతాయనుకోండి. గంటకు మొదటిది 3 బిందెలు, రెండోది 2 బిందెలు పోస్తాయి, మూడోది 1 తీసేస్తుంది. గంటకు 4 చొప్పున 9 గంటల్లో నిండుతుంది. కూలీల లెక్కలూ ఇంతే, ట్యాంకు బదులు గోడ.

త్రికోణమితి ఎంతవరకు చదవాలి?

0, 30, 45, 60, 90 డిగ్రీల విలువలు, మూడు ప్రాథమిక సర్వసమీకరణాలు, ఎత్తులు-దూరాలు. సిలబస్‌లో 180 డిగ్రీలు కూడా ఉంది, మర్చిపోవద్దు. ఎత్తులు-దూరాల్లో బొమ్మ గీయకుండా లెక్క మొదలుపెట్టవద్దు. ఉదాహరణకు సూర్యుడి కోణం 45 నుంచి 30 డిగ్రీలకు దిగితే చెట్టు నీడ 10 మీటర్లు పెరిగింది, చెట్టు ఎత్తు ఎంత? 45 దగ్గర నీడ, ఎత్తు సమానం. 30 దగ్గర నీడ ఎత్తుకు √3 రెట్లు. తేడా 10, అంటే ఎత్తును (√3 − 1)తో గుణిస్తే 10. హారంలోని కరణిని తీసేస్తే ఎత్తు 5(√3 + 1), సుమారు 13.66 మీటర్లు. చాలామంది బొమ్మ వరకు బాగానే వచ్చి ఆ చివరి మెట్టు దగ్గర ఆగిపోతారు. వాళ్లకు రానిది త్రికోణమితి కాదు, కరణులు.

స్టాటిస్టిక్స్ 10 మార్కులే కదా, వదిలేయొచ్చా?

దయచేసి వదలొద్దు. పెట్టిన సమయానికి ఎక్కువ మార్కులు ఇచ్చేది ఇదే, పైగా బీకాం వాళ్లు డిగ్రీలో బిజినెస్ స్టాటిస్టిక్స్‌లో సగటు, మధ్యగతం, క్రమవిచలనం, సహసంబంధం అన్నీ ఇంతకంటే లోతుగా చదివి ఉంటారు. ఇక్కడ ఎంపీసీ వాళ్ల కంటే మీరే ముందు. ఎక్కువగా తడబడే చోటు ఒకటి చెప్తాను. 2, 4, 6, 8, 10 తీసుకోండి. సగటు 6, క్రమవిచలనం 2√2. ప్రతిదానికీ 5 కలిపితే సగటు 11 అవుతుంది, క్రమవిచలనం కదలదు, ఎందుకంటే సంఖ్యల మధ్య ఎడం మారలేదు. ప్రతిదాన్నీ 3తో గుణిస్తే ఎడం మూడింతలైంది, కాబట్టి క్రమవిచలనం 6√2. బాహుళకానికి మూడు మధ్యగతాల్లోంచి రెండు సగటులు తీసేసే సూత్రం, ర్యాంకు సహసంబంధం సూత్రం, నాణేలు-పాచికలు-పేకముక్కల సంభావ్యత చూసుకుంటే చాలు.

అవధి, అవకలనం, మాత్రికలు అసలు తెలియవు.

అవధిలో ఎక్కువగా వచ్చేది కారణాంకాలుగా విడగొట్టి కొట్టేసే రకం. అవకలనంలో ఘాతాన్ని ముందుకు తెచ్చి ఒకటి తగ్గించడం వస్తే చాలు. మాత్రికల్లో రెండు వరుసల మాత్రిక గుణకారం, నిర్ధారకం, విలోమం నేర్చుకోండి. మొత్తం నాలుగు రోజుల పని.

కోచింగ్ లేకుండా కుదరదా?

కుదురుతుంది. నేను డిగ్రీలో ఉండగా ఒక సెంటర్‌లో ఫీజు కట్టి చేరాను. రెండు నెలలూ అంకగణితమే చెప్పారు, బీజగణితం "అంత ముఖ్యం కాదు" అని చివరి వారం జిరాక్స్ కాగితాలు చేతిలో పెట్టారు. 30 మార్కుల భాగాన్ని అలా వదిలేస్తే ఎంత నష్టమో నాకు పరీక్ష హాల్లో తెలిసొచ్చింది. ఒంటరిగా కూర్చోలేని వాళ్లకు క్లాస్ వల్ల క్రమశిక్షణ వస్తుంది, అది నిజం. చేరేముందు మాత్రం సిలబస్ కాగితం చేతిలో పట్టుకెళ్లి ఏ చాప్టర్‌కు ఎన్ని క్లాసులని అడగండి.

## ప్రాక్టీస్, మాక్ టెస్టులు

ఇంట్లో లెక్క వస్తోంది, మాక్‌లో మార్కులు రావట్లేదు. ఎందుకు?

150 నిమిషాలకు 200 ప్రశ్నలంటే ఒక్కోదానికి 45 సెకన్లు. ఇంట్లో మీరు మూడు నిమిషాలు తీసుకుంటున్నారు, అంతే తేడా. ముందు సెక్షన్ మొత్తం ఒకసారి తిప్పి చదవగానే దారి కనిపించినవి మాత్రమే చేయండి, రెండో చుట్టులో మిగతావి. మాక్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. తప్పు పోయిన ప్రతి లెక్క పక్కన కారణం రాయండి: విషయం తెలియలేదా, కూడికలో తప్పా, ప్రశ్న సరిగా చదవలేదా. నా పిల్లల నోట్‌బుక్‌లు చూస్తే మూడోదే ఎక్కువ కనిపిస్తుంది. వ్యాసం ఇస్తే వ్యాసార్ధం అనుకోవడం, "కానిది ఏది" అంటే "అయినది" గుర్తించడం. వీటికి కొత్త చాప్టర్ చదివితే మందు దొరకదు. ప్రశ్నలో అడిగిన ముక్కను రఫ్ పేపర్ మీద ఒక్క మాటలో రాసుకునే అలవాటు చేసుకోండి.

కాలిక్యులేటర్ లేకుండా వేగం ఎలా?

20 వరకు ఎక్కాలు, 30 వరకు వర్గాలు, 12 వరకు ఘనాలు రోజూ పొద్దున పైకి చదవండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. శాతాలను భిన్నాలుగా గుర్తుంచుకోండి: 12.5 శాతం అంటే ఎనిమిదో వంతు, 16.66 అంటే ఆరో వంతు, 37.5 అంటే ఎనిమిదింట మూడు. 640లో 37.5 శాతం అనగానే 80 మూళ్లు 240 అని నోటికి రావాలి. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు, ఇది రైళ్ల లెక్కల్లో పదేపదే వస్తుంది.

పాత పేపర్లు ఎన్ని చేయాలి?

ఎన్ని అన్నదాని కంటే ఎలా అన్నది ముఖ్యం. పది పేపర్లు గడియారం పెట్టుకుని చేసి, ప్రతిదాన్నీ మళ్లీ తిరగేస్తే చాలు. తెలంగాణ రాసేవాళ్లు ఏపీ పేపర్లు, ఏపీ వాళ్లు తెలంగాణ పేపర్లు కూడా తీసుకోవచ్చు, లెక్కల తీరు ఒకటే.

డేటా సఫిషియెన్సీలో ఎప్పుడూ తప్పు పోతోంది.

ఎందుకంటే మీరు జవాబు కనుక్కుంటున్నారు. వాళ్లు అడుగుతున్నది జవాబు కాదు, ఇచ్చిన సమాచారం చాలుతుందా లేదా అని. మొదటి వాక్యం చదివి, రెండోదాన్ని చేత్తో మూసేసి, చాలుతుందా అని చూడండి. తర్వాత మొదటిదాన్ని మూసేసి రెండోది ఒక్కటే. రెండూ విడిగా చాలకపోతేనే కలపండి. ఇంకో మాట: ఒక సంఖ్య వర్గం 49 అంటే ఆ సంఖ్య 7 అని తేల్చేయకండి, −7 కూడా ఉంది. సంఖ్య ఎంత అని అడిగితే అది చాలదు.

## పరీక్ష రోజు

ముందు ఏ సెక్షన్ చేయాలి?

ఏ సెక్షన్‌కైనా ఎప్పుడైనా వెళ్లొచ్చు, సెక్షన్‌కు విడిగా టైమ్ లేదు. నా సలహా మ్యాథ్స్‌ను చివరికి ఉంచొద్దు, అలసిన తలకు కూడికలు కూడా తప్పుతాయి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు ముందు అది గబగబా ముగించి లెక్కల్లోకి రావచ్చు. మాక్‌లలో ఏ వరుస కుదిరిందో అదే పరీక్షలోనూ పాటించండి.

రానివి వదిలేయాలా, ఊహించి పెట్టాలా?

నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. ఊహించే ముందు ఆప్షన్లను లెక్కలో పెట్టి చూడండి. "5తో భాగిస్తే 3, 7తో భాగిస్తే 2 శేషం వచ్చే సంఖ్య ఏది? 18, 23, 28, 33." నాలుగింటికీ 5తో శేషం 3 వస్తుంది. 7తో శేషం 2 వచ్చేది 23 ఒక్కటే. సమీకరణం రాసే అవసరమే రాలేదు. చివరి ఐదు నిమిషాలు ఖాళీలు నింపడానికే పక్కన పెట్టుకోండి.

హాల్లో ఒక్కసారిగా ఏమీ గుర్తురాకపోతే?

ఆ ప్రశ్న వదిలి, సగటు గానీ శాతం గానీ ఒక చిన్న లెక్క వెతికి చేయండి. చేయి కదిలితే తల కదులుతుంది. సెంటర్‌లో ఇచ్చిన రఫ్ పేపర్‌ను మడతపెట్టి గళ్లుగా వాడుకోండి, ఒక గడిలో ఒక లెక్క. అడ్డదిడ్డంగా రాసి తన 6ను తానే 0గా చదువుకున్న పిల్లాడిని నేను చూశాను.

## పరీక్ష తర్వాత

కీ చూసి లెక్కేసుకున్న మార్కులు, ఫలితంలో మార్కులు వేరుగా ఉన్నాయేంటి?

పరీక్ష ఒకటి కంటే ఎక్కువ సెషన్లలో జరుగుతుంది. ఒక సెషన్ పేపర్ కష్టంగా, ఇంకోటి తేలికగా ఉంటే అన్యాయం జరగకుండా మార్కులను నార్మలైజ్ చేస్తారు, అందుకే దశాంశాల్లో కనిపిస్తాయి. ప్రాథమిక కీలో తప్పు ఉందనిపిస్తే గడువులోపు ఆధారంతో అభ్యంతరం పెట్టండి, లెక్క పూర్తిగా చేసి జతచేస్తే మంచిది.

క్వాలిఫై కావడానికి ఎన్ని రావాలి? ఇద్దరికి ఒకే మార్కులు వస్తే?

200కి 50, అంటే 25 శాతం. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల షరతు లేదు. మార్కులు సమానమైతే ముందు సెక్షన్-ఏ (అనలిటికల్) మార్కులు, అవీ సమానమైతే సెక్షన్ బీ మార్కులు, ఆపైన వయసు చూస్తారు. తెలంగాణ పేపర్‌లో ఆ సెక్షన్ బీ మ్యాథ్సే.